టాలిలిన్ రైలుమార్గం

బ్రిటన్‌లో వేల్స్ పశ్చిమ తీరాన ఉన్న టవిన్ పట్టణం నుంచి కొండల్లోని నాంట్ గ్వెర్నోల్ దాకా సాగే చిన్నగేజి రైలుమార్గం. పొడవు సుమారు 11.7 కిలోమీటర్లు, పట్టాల మధ్య ఎడం 686 మిల్లీమీటర్లు. పలకరాయి మోయడానికి 1865లో మొదలైంది. 1951 నుంచి స్వచ్ఛంద సేవకుల సంఘం నడుపుతోంది. మూతపడబోతున్న రైలును అభిమానులే చేతికి తీసుకొని నడపడం ప్రపంచంలో ఇదే మొదలు.

పుట్టుక

ఈ రైలు పలకరాయి కోసం పుట్టినా, దాని వెనక ఉన్న కథ పత్తిది. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో ఆ దేశపు పత్తి ఇంగ్లండుకు చేరక లాంకషైర్ మిల్లులు పడకేశాయి. ఆ కరువులో భారతదేశపు పత్తికి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. గుంటూరు సీమ నల్లరేగడిలో పండి, ‘కాకినాడ’ పేరుతో వ్యాపారంలో చెలామణి అయిన పత్తి కూడా అలా ఎగుమతయిన రకాల్లో ఒకటి. ముడిసరుకు అందని మిల్లు యజమానులు పెట్టుబడికి వేరే దారులు వెతుక్కున్నారు. వారిలో విలియం మెక్‌కానెల్ ఒకరు. ఆయన 1864 జనవరిలో కంపెనీ పెట్టి, టవిన్‌కు ఎగువన కొండల్లో ఉన్న బ్రిన్ ఎగ్లూయిస్ పలకరాతి గనిని కౌలుకు తీసుకున్నారు. అంతకుముందు ఆ గని పలకలు గుర్రాల వీపుల మీదే కొండ దిగేవి.

గని నుంచి తీరానికి రైలు వేయడానికి 1865 జూలైలో పార్లమెంటు చట్టం అనుమతించింది. ఇంజనీరు జేమ్స్ స్వింటన్ స్పూనర్. 1866లో తనిఖీకి వచ్చిన ప్రభుత్వాధికారి కెప్టెన్ టైలర్ వంతెనల కింద పెట్టెలకూ గోడలకూ మధ్య చాలినంత ఎడం లేదని గుర్తించారు. వంతెనలు పడగొట్టకుండానే పరిష్కారం దొరికింది. పెట్టెలకు ఒక పక్క తలుపులను శాశ్వతంగా మూసివేసి, వంతెనల కింద పట్టాలను ఒక వైపుకు జరిపారు. నేటికీ ఈ రైలు ఎక్కడం, దిగడం ఒక పక్కనుంచే.

రెండు ఇంజన్లూ వైట్‌హేవెన్‌లోని ఫ్లెచర్ జెన్నింగ్స్ కంపెనీ చేసినవే. 1వ నంబరు ‘టాలిలిన్’ 1864 నాటిది, 2వ నంబరు ‘డోల్‌గోక్’ 1866 నాటిది. తర్వాతి ఎనభై ఏళ్లు ఈ రెండే రాళ్లనూ మనుషులనూ మోశాయి.

హేడన్ జోన్స్ కాలం

1911లో స్థానిక పార్లమెంటు సభ్యుడు హెన్రీ హేడన్ జోన్స్ గనినీ రైలునూ కొన్నారు. పలకరాయి వ్యాపారం క్షీణించినా, తాను బతికుండగా రైలు ఆగదని మాట ఇచ్చారు. 1946 డిసెంబరు 26న గనిలో రాయి కూలి పని ఆగిపోయింది. మోయడానికి సరుకే లేకపోయినా వేసవిలో వారానికి కొన్ని రోజులు ప్రయాణికుల బండి నడిచింది. 1948లో బ్రిటిష్ రైళ్లు ప్రభుత్వపరమైనప్పుడు ఈ చిన్న మార్గం ఆ జాబితాకెక్కలేదు. అప్పటికి తిరిగే స్థితిలో ఉన్న ఇంజను ‘డోల్‌గోక్’ ఒక్కటే. దుంగలు పుచ్చిపోయి, చాలాచోట్ల పట్టాలను గడ్డి వేళ్లే పట్టి ఉంచాయి. 1950 జూలై 2న హేడన్ జోన్స్ కన్నుమూశారు. ఆయన మాట ఆయన ఉన్నంతవరకూ నిలిచింది.

1950–53: సంఘం ఏర్పాటు

రచయిత, ఇంజనీరు ఎల్.టి.సి. రోల్ట్ (1910–1974) అంతకుముందే కాలువల రక్షణకు ఒక సంఘాన్ని ఏర్పాటు చేసినవారిలో ఒకరు. ఈ రైలును కాపాడుకోవాలని 1949లో బర్మింగ్‌హామ్ పత్రికకు లేఖ రాశారు. 1950 అక్టోబరు 11న ఆ నగరంలోని ఇంపీరియల్ హోటల్‌లో సభ జరిగింది. డెబ్బయి మంది దాకా వచ్చారు. జీతం తీసుకోకుండా ఒక రైల్వేను నడపవచ్చని ఆ రోజు నమ్మినవారు వారే. హేడన్ జోన్స్ భార్య ఉదారంగా అంగీకరించడంతో 1951 ఫిబ్రవరిలో నిర్వహణ సంఘం చేతికి వచ్చింది. మే 14న టవిన్ నుంచి రిడరోనెన్ స్టేషను దాకా మొదటి బండి కదిలింది. ఆ తొలి రెండేళ్లు రోల్ట్ స్వయంగా మేనేజరుగా ఉన్నారు.

ఒక్క ఇంజనుతో బండి ఎంతకాలం నడుస్తుంది? పొరుగునే ఉన్న కోరిస్ రైలుమార్గం గేజి కూడా ఇదే. అది 1948లో మూతపడింది. దాని రెండు ఇంజన్లను సంఘం ఒక్కొక్కటి 25 పౌండ్లకు కొన్నది. అక్కడ వాటి నంబర్లు 3, 4 కావడంతో ఇక్కడ మార్చవలసిన పనే రాలేదు. 1878 నాటి 3వ నంబరుకు ‘సర్ హేడన్’ అనీ, 1921 నాటి 4వ నంబరుకు పూర్వపు మేనేజరు పేరిట ‘ఎడ్వర్డ్ థామస్’ అనీ పేర్లు పెట్టారు. అరిగి ఎడమైన పట్టాల మీద ‘సర్ హేడన్’ చక్రాలు నిలవక పట్టాలు తప్పేవి. ‘ఎడ్వర్డ్ థామస్’ను లీడ్స్‌లోని హన్స్‌లెట్ కంపెనీ ఉచితంగా బాగుచేసి ఇవ్వగా, 1952లో అది పనిలోకి వచ్చి డోల్‌గోక్‌కు ఊపిరి సలిపింది.

ఆ ఏడాదే పిల్లల రచయిత రెవరెండ్ ఆడ్రీ గార్డుగా సేవ చేశారు. నేడు మన పిల్లలు కూడా టీవీలో చూసే ‘థామస్’ రైలు కథలు ఆయనవే. వాటిలో స్కార్లోయ్, రీనియస్ అనే ఇంజన్లకు మూలం టాలిలిన్, డోల్‌గోక్‌లే. రోల్ట్ తన అనుభవాన్ని 1953లో ‘రైల్వే అడ్వెంచర్’ పుస్తకంగా ప్రచురించారు.

తర్వాతి కాలం

1976 మే 22న మార్గం నాంట్ గ్వెర్నోల్ వరకు పెరిగింది. రోల్ట్ పేరిట 7వ నంబరు ఇంజను ‘టామ్ రోల్ట్’ 1991లో పూర్తయింది. ఈ ఆదర్శంతో ఫెస్టినియోగ్ (1955), బ్లూబెల్ (1960), ఆస్ట్రేలియాలోని పఫింగ్ బిల్లీ (1962) మార్గాలు మళ్లీ తెరుచుకున్నాయి. 2021 జూలైలో వాయవ్య వేల్స్ పలకరాతి ప్రాంతంలో భాగంగా టాలిలిన్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మన రామప్ప గుడికి ఆ గుర్తింపు వచ్చింది కూడా ఆ సమావేశంలోనే.

తెలుగునాట

‘కాకినాడ’ పత్తి పండిన గుంటూరు సీమకూ ఒక రైలు కథ ఉంది.  గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం రోడ్డు స్టేషన్ల మీదుగా నల్లమల దాటి గుంతకల్లు చేరే మార్గం 19వ శతాబ్ది చివర మీటరుగేజిగా పడింది. పత్తి పండే నేలనూ, బడిపిల్లల పలకలకు పేరుపడ్డ మార్కాపురాన్నీ కలిపిన దారి అది. టాలిలిన్‌లో సేవకుల తొలి బండి కదలడానికి సరిగ్గా నెల ముందు, 1951 ఏప్రిల్ 14న, ఈ మార్గం కొత్తగా ఏర్పడిన దక్షిణ రైల్వేలో చేరింది. 1990వ దశకంలో బ్రాడ్‌గేజిగా మారింది. వేగం పెరిగింది, దూరప్రాంతాల బండ్లు వచ్చాయి. మీటరుగేజి పొగబండి మాత్రం దాన్నెక్కిన పెద్దల జ్ఞాపకాల్లోనే మిగిలింది. పత్తి కరువు నాడు పుట్టిన 1వ నంబరు ఇంజను టవిన్‌లో నేటికీ పనిలో ఉంది. దాని కొలిమిలో బొగ్గు వేసే చేతుల్లో ఎక్కువ భాగం జీతం లేనివే.