మానసిక సంక్షోభ సహాయము: పోలీసుల స్థానమున వైద్యసేవకులు

మతి చలించుటచేతనో, దుర్భరమైన దుఃఖముచేతనో, మాదకద్రవ్యముల ప్రభావముచేతనో ఒక వ్యక్తి తనకుగాని ఇతరులకుగాని హాని చేయు స్థితికి వచ్చినప్పుడు, ఇంటివారో ఇరుగుపొరుగువారో చేసిన అత్యవసరపు ఫోనునకు జవాబుగా పోలీసును గాక, మానసిక వైద్యమున శిక్షణ పొందిన నర్సును, కౌన్సెలరును, అంబులెన్సు సహాయకుని ఆ యింటికి పంపు ఏర్పాటును మానసిక సంక్షోభ సహాయమందురు. అమెరికాలోని ఒక చిన్న పట్టణమున 1989లో ఆరంభమైన యీ పద్ధతి పాశ్చాత్య దేశములందు క్రమముగా వ్యాపించినది. భారతదేశమున మాత్రము ఇది చట్టపు పుటలలో సగము, ఆచరణలో అంతకంటె తక్కువ ప్రవేశించియున్నది. తెలుగువారి సందర్భమున దీని చరిత్ర విశాఖపట్నము, హైదరాబాదు, షోలాపురము అను మూడు నగరములతో ముడిపడియున్నది. వీనిలో మహారాష్ట్రమున నున్న షోలాపురము నందలి నీలం నగర్ వంటి నేతకార్మికుల వాడలు సమస్యయొక్క స్వరూపమును స్పష్టముగా చూపును.

ప్రాచీనకాలమున చరకసంహిత ఉన్మాదమును నిదానస్థానమునందును చికిత్సాస్థానమునందును ప్రత్యేకాధ్యాయములుగా వివరించినది. అటుపిమ్మట అనేక శతాబ్దముల కాలము రోగిని కాపాడు భారము కుటుంబముపైనను, గ్రామముపైనను, దేవస్థానములపైనను నిలిచినది. షోలాపురపు తెలుగువారు గాలి సోకినదని తలచిన రోగులను భీమానది యొడ్డున నున్న గాణుగాపురపు దత్తాత్రేయ క్షేత్రమునకు కొనిపోవు ఆచారము నేటికిని కలదు.

పోలీసునకు ఈ విషయమున అధికారము సంక్రమించినది ఆంగ్లేయుల పాలనలోనే. సిపాయిల తిరుగుబాటు అణగిన 1858వ సంవత్సరమున ఉన్మాదులను గూర్చి 34, 35, 36 సంఖ్యలు గల మూడు చట్టములు ఒకేసారి వెలువడెను. వీనిలో కడపటిది ఉన్మాదుల ఆశ్రమములకు సంబంధించినది; వీధులలో తిరుగాడు ఉన్మాదిని పట్టి మేజిస్ట్రేటు ఎదుట నిలుపుట పోలీసు విధియని అది నిర్ణయించినది. మద్రాసు రాజధానిలో 1871 ప్రాంతమున విశాఖపట్నమునందు ఆశ్రమ మేర్పడుటతో ఉత్తర సర్కారుల తెలుగువారికి తొలి మానసిక వైద్యాలయము లభించినది. 1912వ సంవత్సరపు నాలుగవ చట్టము, అనగా ఇండియన్ లూనసీ ఆక్టు, పూర్వపు శాసనముల నన్నిటిని క్రోడీకరించెను. దాని 13వ సెక్షను ప్రకారము తన సరిహద్దులలో తిరుగాడు ఉన్మాదిని పోలీసు స్టేషను అధికారి అరెస్టు చేయవచ్చును. ఉన్మాదముచే ప్రమాదకరుడని తోచినవానిని అరెస్టు చేసియే తీరవలెను. దొంగకును రోగికిని ఒకే క్రియాపదము వాడిన యీ చట్టము, స్వల్పమైన మార్పులతో, ఎనుబది యేండ్లు అమలులో నుండినది. 1920వ దశకపు తొలి సంవత్సరములలో ఆశ్రమములకు మానసిక వైద్యశాలలు అను గౌరవప్రదమైన పేరు వచ్చినది గాని, రోగి వాని ద్వారము చేరు మార్గము మాత్రము పోలీసు స్టేషను మీదుగానే సాగెను.

షోలాపురము, నేటి సోలాపూర్, నాడు బొంబాయి రాజధానిలోని జిల్లాకేంద్రము. తెలంగాణ ప్రాంతమునుండి కరవులవలనను, చేతిమగ్గముల క్షీణతవలనను వలసవచ్చిన పద్మశాలీలు పందొమ్మిదవ శతాబ్దమునందే ఆ పట్టణమున పేటలు పేటలుగా స్థిరపడిరి. 1877లో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు వెలసినది; పిమ్మట మరికొన్ని మిల్లులు పొగగొట్టము లెత్తగా, పట్టణము పశ్చిమభారతమునందలి ప్రముఖ వస్త్రకేంద్రములలో నొకటిగా పేరుగాంచినది. ఇచ్చటి రోగులను పంపు ప్రభుత్వ మానసిక వైద్యశాల పుణె చెంత యెరవాడయందుండెను. దూరము సుమారు 250 కిలోమీటర్లు. అదే యెరవాడయందు ప్రసిద్ధమైన కారాగారమును కలదు. 1930 మే నెలలో సైనికశాసనమును చవిచూచిన యీ పట్టణపు పౌరులు నలుగురు, మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకృష్ణ సార్డా, జగన్నాథ శిందే అనువారు, 1931 జనవరి 12న ఆ కారాగారమునందే ఉరితీయబడిరి. ఆ తరపు షోలాపురవాసికి యెరవాడకు పోవుటయన్న, జైలునకైనను ఆసుపత్రికైనను, పోలీసుల వెంట పోవుటయే. ఇంటిగుట్టు స్టేషనునకు చేరనీయక రోగిని లోపలి గదిలో నుంచుట ఆనాటి కుటుంబములకు మేలుగా తోచినచో అందు వింతలేదు.

ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున పెద్దమిల్లులు ఒకటొకటిగా మూతపడినవి. పద్మశాలీ కుటుంబములు పవర్‌లూములను నమ్ముకొని చద్దర్లు, టెరీ తువాళ్లు నేయసాగినవి. స్త్రీలు పెక్కురు బీడీలు చుట్టి సంసారమునకు చేయూత నిచ్చిరి. అక్కలకోట దారి వైపున పారిశ్రామికవాడను ఆనుకొనియున్న నీలం నగర్ ఈ రెండవదశకు చెందిన నివాసము. నేసిన సరుకు ననుసరించి కూలి ముట్టుచోట మగ్గము ఆగినదినము తిండికి లోటుదినము. కావున ఇంట నొకడు నిద్రాహారములు మాని తనలో తాను మాటలాడుకొనుచు తిరుగుచున్నను, అప్పులవాని యొత్తిడికి క్రుంగి మూలకు జేరినను, అది రోగమని గుర్తించి వైద్యుని వెదకుటకు పూర్వమే వ్యవహారము కేకలవరకును, కొట్లాటవరకును వచ్చును. అప్పుడు తెలిసిన నంబరు పోలీసు నంబరే.

స్వాతంత్ర్యానంతరము మార్పు మందగమనమున జరిగెను. నిజాము రాజ్యపు మానసిక వైద్యశాల జాల్నానుండి 1953లో హైదరాబాదు నందలి ఎర్రగడ్డకు తరలినది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము ప్రకటింపబడెను. బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ, తెలుగువారును విశేషముగా నివసించు బళ్లారి జిల్లాలో 1985నుండి నడపిన ప్రయోగము, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుడు సయితము మానసికరోగమునకు చికిత్స చేయగలడని ప్రశంసనీయముగా నిరూపించినది. 1996లో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు అదియే మాతృక. 1987 మానసిక ఆరోగ్య చట్టము 1993 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చి 1912 శాసనమును తొలగించెను గాని, పోలీసు రోగిని ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు వద్దకు కొనిపోవు పద్ధతిని నిలిపియుంచెను. 1993లోనే షీలా బార్సే వ్యాజ్యెమున సుప్రీముకోర్టు నేరమెరుగని మానసికరోగులను జైళ్లలో నుంచుట చట్టవిరుద్ధమనియు రాజ్యాంగవిరుద్ధమనియు తీర్పుచెప్పినది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అగ్నిప్రమాదమున గొలుసులతో బంధింపబడిన రోగులు సజీవదహనమైన వార్త దేశమును కదలించెను.

పోలీసు చేయుచుండిన పనిని వైద్యసేవకులు చేపట్టుట తెలుగునాట క్రొత్తసంగతి కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదున ఆరంభమైన 108 అంబులెన్సు సేవకు పూర్వము రహదారి ప్రమాదమున గాయపడినవానిని పోలీసు జీపో, దారినిపోవు లారీయో ఆసుపత్రికి చేర్చుచుండెను. శిక్షణ పొందిన సహాయకుడు మందులతోను, ప్రాణవాయువుతోను కొలదినిముషములలో వచ్చుటను ప్రజలు రెండుమూడేండ్లలోనే సహజముగా భావింపసాగిరి. మహారాష్ట్రమున ఇట్టి సేవ 2014లో వచ్చినది. కాలు విరిగినవానికి లభించిన యీ మర్యాద మతి చెదరినవానికి ఆ స్థాయిలో లభింపలేదు.

విదేశములలో ఈ మర్యాదకు దారితీసిన ప్రయత్నములలో రెండు మార్గములు కానవచ్చును. మొదటిది పోలీసునకే శిక్షణ నిచ్చుట. 1987లో టెన్నెసీ రాష్ట్రపు మెంఫిస్ నగరమున మానసికరోగియైన యువకుని పోలీసులు కాల్చిచంపగా, మరుసటి యేడు ఆ నగరపు పోలీసుశాఖ వైద్యులతోను రోగుల కుటుంబములతోను కలిసి నలువది గంటల శిక్షణను రూపొందించెను. రెండవది పోలీసును పంపకుండుటయే. ఆరెగాన్ రాష్ట్రపు యూజీన్ పట్టణమున వైట్ బర్డ్ క్లినిక్ 1989లో నెలకొల్పిన కహూట్స్ దళమున ఒక వైద్యసహాయకుడును ఒక సంక్షోభ సేవకుడును జంటగా వ్యానులో పోయెడివారు. ఆయుధము లుండెడివి కావు, యూనిఫారము లుండెడివి కావు. పిలుపు వచ్చుచుండినది సామాన్యమైన అత్యవసర నంబరునకే. అందుకొనినవారు దానిని విని ఎవరిని పంపవలెనో నిర్ణయించెడివారు. ఆ సంస్థ లెక్కల ప్రకారము 2019లో సుమారు 24,000 పిలుపులకు పోయి, వానిలో 150 మారులు మాత్రమే వారు పోలీసుల తోడు కోరిరి. పోలీసు చేయుచుండిన పనినంతయు వీరు చేసినట్లు దీనివలన తేలదు, వీరు పోయిన పిలుపులు పెక్కు ప్రమాదము లేనివి. అయినను ముప్పదియేండ్లకు పైగా నిరాయుధులై నిర్వహించిన ఆ సేవ శ్లాఘ్యమైనది. ధనాభావముచేత 2025 ఏప్రిలులో యూజీనునందు ఆ సేవ నిలిచిపోయెను. డెన్వరులో 2020 జూనున స్టార్ అను దళ మేర్పడగా, అది తిరిగిన ప్రాంతములలో చిన్ననేరముల నమోదు 34 శాతము తగ్గినట్లు 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రకటించిరి. స్టాక్‌హోమున 2015నుండి ఇద్దరు మానసికవైద్య నర్సులతో అంబులెన్సు నడచుచున్నది. ఇంగ్లండున హంబర్‌సైడు పోలీసులు 2020లో, లండను పోలీసులు 2023లో, ప్రాణాపాయముగాని నేరముగాని లేని పిలుపులను ఆరోగ్యశాఖకే వదలు విధానమును అవలంబించిరి. ఆరోగ్యశాఖకు తగిన సిబ్బంది లేనిచోట రోగి నడుమ మిగులునను విమర్శయు పుట్టినది.

భారతదేశపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2017 ఏప్రిలు 7న రాష్ట్రపతి ఆమోదము పొంది, 2018 మేనెలలో అమలులోనికి వచ్చినది. దీని 100వ సెక్షనునకు ఈ చరిత్రయందు ప్రముఖస్థానము కలదు. తన పరిధిలో తిరుగాడుచు, మానసికరోగముచే తన్నుతాను కాపాడుకొనలేనివానిని, లేక తనకుగాని పరులకుగాని అపాయకరుడైనవానిని, స్టేషను అధికారి రక్షణలోనికి తీసికొనవలెను. కారణమును అతనికి తెలుపవలెను. వీలైనంత త్వరగా, ఎట్లయినను ఇరువదినాలుగు గంటలలోగా, సమీప ప్రభుత్వ వైద్యాలయమునకు పరీక్షకై చేర్పవలెను. ఎట్టి పరిస్థితులలోను లాకప్పునగాని జైలునగాని నిర్బంధింపరాదు. ఇల్లులేనివాడైనచో తప్పిపోయినవానిగా కేసు నమోదుచేసి కుటుంబమును వెదకు బాధ్యతయు స్టేషనుదే. ఇంటిలోనే రోగిని హింసించుచున్నట్లుగాని, పట్టించుకొననట్లుగాని తెలిసినప్పుడు మేజిస్ట్రేటునకు నివేదింపవలెనని 101వ సెక్షను చెప్పుచున్నది. మానసికవైద్యుడే గాక, నమోదైన ఏ వైద్యుడైనను అత్యవసరమున డెబ్బదిరెండు గంటలవరకు చికిత్స చేయవచ్చునని 94వ సెక్షను అనుమతించినది. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవ్యథలో నుండెనని భావించి శిక్షింపరాదని 115వ సెక్షను శాసించెను. 2024 జూలై 1నుండి అమలైన భారతీయ న్యాయసంహితలో, ప్రభుత్వోద్యోగిని లొంగదీయుటకై చేసిన యత్నము తప్ప, ఆ నేరము పూర్తిగా తొలగిపోయినది. అరెస్టు రక్షణగా మారుట, మేజిస్ట్రేటు స్థానమును ఆసుపత్రి ఆక్రమించుట ఉదాత్తమైన సంస్కరణములు. కాని గడప త్రొక్కు మనిషి మారలేదు: చట్టము ఆ విధిని పోలీసు స్టేషనునకే అప్పగించినది, సంచార వైద్యదళమునకు గాదు.

ఈ లోపము ఎట్టి పర్యవసానమునకు దారితీయగలదో 2020 మే 16న విశాఖపట్నమునందు కనబడినది. సస్పెన్షనులో నుండిన ఒక ప్రభుత్వవైద్యుని పోలీసులు నడివీధిలో చేతులు వెనుకకు కట్టి, ఒక కానిస్టేబులు లాఠీతో కొట్టి, తొలుత కింగ్ జార్జి ఆసుపత్రికిని, పిదప ప్రభుత్వ మానసిక వైద్యశాలకును చేర్చిరి. ఆ దృశ్యములు దేశమంతటను ప్రసారమయ్యెను. ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానము మే 22న సీబీఐ దర్యాప్తునకు ఆదేశించినది. ఆయన మానసికస్థితిని గూర్చి ఎవరి వాదము వారికుండెను. ఆయన రోగియైనచో తొలుత రావలసినది నర్సు. రోగి కానిచో ఆ వైద్యశాలతో పనియే లేదు.

2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సేవ, 14416 అను నంబరున, రేయింబవళ్లు ఉచితముగా, ఇరువది భాషలలో మానసిక సహాయ మందించుచున్నది. వానిలో తెలుగును కలదు. నీలం నగర్ వారికి ఈ కడపటి సంగతి విలువైనది. అచ్చట ఇంటిభాష తెలుగు, వీధిభాష మరాఠీ; స్టేషనునందును, డాక్టర్ వైశంపాయన్ ప్రభుత్వ వైద్యకళాశాలకు చేరిన సివిల్ ఆసుపత్రియందును వ్యవహారము మరాఠీలోనే. రెండు భాషలు వచ్చిన మనిషియైనను మనసు చెదరిన గడియలో తల్లిభాషలోనే పలవరించును. ఆ మాట అర్థముగాని పోలీసునకు అది మొండితనముగా తోచుటకు అవకాశము కలదు. కావున ఈ వాడలకు సంచారదళము నెన్నడైన ఏర్పరచునెడల, తెలుగు తెలిసినవా రొకరు అందుండుట అవసరము. టెలి మానస్ ప్రధానముగా ఫోనుపై నడచు సేవ. రోగి చెంతకు మనిషియే రావలసినప్పుడు నీలం నగర్ వాసి నేటికిని అంబులెన్సునకు 108, పోలీసులకు 112 నంబరులనే ఆశ్రయించుచున్నాడు.