ఒక మూస, వెయ్యి చీటీలు

కడియం నర్సరీల గురించి రాసేవాళ్ళంతా పూల గురించి రాస్తారు. నేను కాగితాల గురించి రాస్తాను.

రాజమండ్రి పక్కన వేమగిరి నుంచి కడియపులంక, బుర్రిలంక దాకా పరుచుకున్న ఆ పచ్చదనం వెనక రోజూ నడిచే కాగితం తక్కువేమీ కాదు. మొక్కకు కట్టే పేరు చీటీ, సీజను మారితే మారే ధరల పట్టీ, లారీ లోడుతో వెళ్ళే బిల్లు, ఎక్కడో పార్కు వేస్తున్న కాంట్రాక్టరు అడిగే కొటేషను. మొక్కల మీద జీఎస్టీ లేదు కనక ఇచ్చేది టాక్స్ ఇన్వాయిస్ కాదు, బిల్ ఆఫ్ సప్లై. పన్ను లేదు కదా అని కాగితం మానడానికి లేదు.

ఇందులో అన్నిటికన్నా గోల పెట్టేది ధరల పట్టీ. నందివర్ధనం అంటే పట్టీలో ఒక వరస కాదు. చిన్న కవరులో అడుగు మొక్కకు ఒక ధర, పెద్ద బ్యాగులో నాలుగడుగుల మొక్కకు ఇంకో ధర, గుండ్రంగా కత్తిరించి పెంచినదానికి మరో ధర. అంటు మొక్క, గింజ మొక్క మళ్ళీ వేర్వేరు. మూడు వందల రకాలున్న నర్సరీ పట్టీ వెయ్యి వరసలు దాటినా ఆశ్చర్యం లేదు. చాలాచోట్ల జరిగేదేమిటంటే, డీటీపీ షాపులో నిరుటి ఫైలు తెరుస్తారు, పాత ధర చెరుపుతారు, కొత్త ధర కొడతారు. వెయ్యిసార్లు. మధ్యలో ఎక్కడో నిరుటి ధర ఒకటి అలాగే ఉండిపోతుంది. దాన్ని కనిపెట్టేది ఎప్పుడూ కొనేవాడే, అదీ తక్కువ ధర అయితేనే.

దీనికి విరుగుడు ఉంది. పేజీ రూపాన్ని ఒకసారి మూసగా కట్టిపెట్టుకోవాలి. వివరాలను వేరే పట్టీలో రాసుకోవాలి. రెండింటినీ కలిపే పని ఒక చిన్న స్క్రిప్టుకు, అంటే కంప్యూటర్‌కు రాసిచ్చే ఆదేశాల వరసకు, అప్పగించాలి. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తోనే ఇవాళ ఈ పని అవుతుంది, తెలుగులో కూడా. అయితే ఇంగ్లిష్ వాడు నలభై ఏళ్ళుగా చేస్తున్న పని మనకు నిన్నగాక మొన్న చేతికొచ్చింది. ఆలస్యం ఎక్కడ జరిగిందో చూస్తే, తప్పు సాఫ్ట్‌వేర్‌ది మాత్రమే కాదని, మన అక్షరాన్ని కంప్యూటర్‌లో దాచుకున్న తీరుదని తేలుతుంది.

మూస కాగితం అచ్చుయంత్రమంత పాతది. 1454లో, గుటెన్‌బర్గ్ బైబిలు అచ్చు సాగుతున్న రోజుల్లోనే, జర్మనీలోని మైంజ్‌లో పాపపరిహార పత్రాలు అచ్చయ్యాయి. వాటిలో మాటలన్నీ అచ్చువే. కొన్నవాడి పేరు, తారీకు రాయడానికి మాత్రం ఖాళీ వదిలారు. తేదీతో సహా మనకు దొరుకుతున్న తొలి ఐరోపా అచ్చు కాగితాల్లో ఇవి ఉన్నాయి. అంటే అచ్చు పుట్టగానే చేసిన పనుల్లో ఖాళీలున్న ఫారం ఒకటి.

మనవైపు ఆ పని చాలాకాలం అచ్చు లేకుండానే సాగింది. దస్తావేజు లేఖరి దగ్గర మూస ఆయన నోట్లోనే ఉండేది. అమ్మేవారి పేరు, తండ్రి పేరు, కొనేవారి పేరు, సొమ్ము, ఆపైన తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు. వరస తప్పదు, మాట మారదు. మారేది మనుషులూ పొలాలే. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు పెట్టి, ఆస్తుల ఈసీలు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) అక్కడికక్కడే తీసి ఇవ్వడం మొదలుపెట్టింది. 2011లో వచ్చిన మీసేవ ధ్రువపత్రాలూ ఆ కోవలోవే. ఇవాళ పల్లెలో కులధ్రువపత్రం చేతపట్టుకున్న ప్రతివాడూ, తెలిసో తెలియకో, మూసలోంచి యంత్రం తీసిచ్చిన కాగితాన్నే పట్టుకున్నాడు.

అచ్చు విషయానికొస్తే కడియానికి పెద్ద ఊరు రాజమండ్రి. 1874లో వీరేశలింగం వివేకవర్ధని పత్రిక పెట్టినప్పుడు మొదట మద్రాసులో అచ్చువేయించి, తర్వాత రాజమండ్రిలోనే సొంత ముద్రణాలయం ఏర్పాటు చేసుకున్నారు. ఆ తర్వాతి తరాల్లో అద్దేపల్లి వారి సరస్వతీ పవర్ ప్రెస్సు, కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్ పేర్లు తెలుగు పాఠకుల ఇళ్ళలోకి వెళ్ళాయి. పేరు తెచ్చేది పుస్తకాలు. చిన్న ప్రెస్సులకు కూడు పెట్టింది మాత్రం జాబ్ వర్కు. బిల్లు పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు, రసీదులు.

ఆ జాబ్ వర్కులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు నంబరింగ్ మెషీన్. గుప్పెట్లో పట్టే ఇనుప డబ్బీ. లోపల అంకెల చక్రాలు. ఎత్తు సరిగ్గా టైపు ఎత్తే. బిల్లు పుస్తకం ఫారంలో మిగతా మేటరు మధ్య దీన్ని బిగిస్తారు. ట్రెడిల్ అచ్చుయంత్రం మూసుకుని కాగితం మీద ఒత్తిడి పడినప్పుడల్లా, అంకెల ముందున్న 'నెం.' గుర్తు లోపలికి నొక్కుకుంటుంది. ఆ నొక్కుడుకే చక్రం ఒక అంకె ముందుకు తిరుగుతుంది. కంపోజిటర్ చెయ్యి పడకుండా, ఒకే ఫారం నుంచి ఒక కాగితానికీ ఇంకో కాగితానికీ తేడాగా అచ్చు పడింది ఈ డబ్బీతోనే. నా లెక్కలో ఇవాళ్టి స్క్రిప్టుకు అసలైన ముత్తాత అదే. అది అంకె ఒక్కటే మార్చగలదు, పేరు మార్చలేదు.

పేరు మార్చడం కంప్యూటర్ వచ్చాక కుదిరింది. 1980ల మొదట్లో వర్డ్‌స్టార్ అనే టైపు సాఫ్ట్‌వేర్‌కు తోడుగా అమ్మిన మెయిల్‌మెర్జ్, ఒక ఉత్తరాన్నీ ఒక చిరునామాల జాబితానీ కలిపి వందల ఉత్తరాలు తీసేది. బ్యాంకులు, బీమా కంపెనీలు దాన్ని ఎత్తుకున్నాయి. చూడ్డానికి మాత్రం అది టైపు చేసిన ఉత్తరమే, అచ్చు పేజీ కాదు. పేజీ అందం గురించి పట్టుదల పట్టినవాడు కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్. 1977లో తన పుస్తకం కొత్త కూర్పు ప్రూఫులు చూసి, ఆ అచ్చు నచ్చక, పేజీ కూర్చే ప్రోగ్రామే సొంతంగా రాయడానికి కూర్చున్నాడు. అదే టెక్. అందులో పేజీని చేత్తో సర్దరు, ఆదేశాలు రాస్తారు. ఆదేశాలు రాయడమంటే వాటిని ఇంకో ప్రోగ్రాము చేత కూడా రాయించవచ్చన్నమాట. మూసలోంచి పేజీలు పుట్టించే దారి అక్కడ తెరుచుకుంది.

ఆ దారిలో తెలుగువాళ్ళు చాలా ముందే నడిచారు. 1990ల తొలినాళ్ళలోనే ముక్కవిల్లి లక్ష్మి, ముక్కవిల్లి లక్ష్మణకుమార్ తెలుగు అక్షరాలను టెక్‌కు పనికొచ్చేలా గీసి తెలుగుటెక్ తయారుచేశారు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం నుంచి కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతినీ, దాన్ని తెలుగు లిపిలోకి మార్చే 'రిట్' ప్రోగ్రామునూ తెచ్చారు. రాసింది మామూలు అక్షరాల ఫైలు, మార్చింది ప్రోగ్రాము, కూర్చింది టెక్. ఇవాళ మనం గొప్పగా చెప్పుకునే పద్ధతికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. కానీ అది కంప్యూటర్ చదువుకున్నవాళ్ళ దగ్గరే ఉండిపోయింది. రాజమండ్రి ప్రెస్సుకు రాలేదు.

రాజమండ్రికీ, బెజవాడకీ, ప్రతి తాలూకా ఊరికీ వచ్చింది పేజ్‌మేకర్. 1985లో పుట్టిన ఆ సాఫ్ట్‌వేర్‌కు అను, శ్రీలిపి వంటి తెలుగు ఫాంట్లు తోడయ్యాక సీసం అక్షరాల పెట్టెలు మూలపడ్డాయి. అను ఫాంట్లు చేసిన మేలు చిన్నది కాదు. ఒక తరం తెలుగు పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు వాటితోనే వచ్చాయి. చిక్కు లోపల ఉంది. కంప్యూటర్‌కు తెలుగు తెలియని ఆ రోజుల్లో ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తలకట్టు, కొమ్ము, వత్తు ముక్కల్ని పెట్టారు. తెర మీద 'గన్నేరు' కనిపిస్తుంది, ఫైలులో ఉన్నది ఏవో పరాయి గుర్తులు. ఫాంటు తీసేస్తే ఆ మాటే లేదు. వెతకడానికి లేదు, అకారాదిగా సర్దడానికి లేదు, ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్ళడానికి లేదు.

2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7లో పట్టీలోంచి వివరాలు తెచ్చి మూసలో నింపే డేటా మెర్జ్ సౌకర్యం ఉంది. ఇంగ్లిష్ విజిటింగ్ కార్డులకు అది బంగారం. మన తెలుగు పట్టీ మాత్రం అక్షరాలుగా కాక బొమ్మ ముక్కలుగా పడి ఉంది. అందుకే తెలుగు డీటీపీలో ఆపరేటర్ వేళ్ళే ఇరవై ఏళ్ళపాటు డేటా మెర్జ్ చేశాయి.

ప్రతి భాష అక్షరానికీ సొంత స్థానం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు ఇంటింటికీ వచ్చింది. తిరుమల కృష్ణదేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు, ఇంకొన్నాళ్ళకు సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా ఇచ్చిన రామభద్ర, మల్లన్న, మండలి వంటివి వచ్చాయి. ఫాంటు ఉంటే చాలదు, వత్తును హల్లు కిందకు చేర్చి గుణింతాన్ని పైన కూర్చే పని పేజీ సాఫ్ట్‌వేర్ కూడా నేర్వాలి. టెక్ నుంచి పుట్టిన జీటెక్ 2004 నుంచే దానికి దారి వేసింది. పేజ్‌మేకర్ స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ 2012లో భారతీయ లిపుల్ని పట్టించుకుంది. లువా అనే చిన్న స్క్రిప్టు భాషను లోపలే పెట్టుకుని పుట్టిన లువాటెక్‌కు, అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ తోడై, అందరికీ అందింది 2020లో. స్క్రిప్టు, తెలుగు ఒకే గూట్లో చేరడానికి అంతకాలం పట్టింది.

చిన్న షాపువాళ్ళకు నేను చెప్పేది స్క్రైబస్ గురించి. 2001లో ఫ్రాంజ్ ష్మిడ్ మొదలుపెట్టిన ఉచిత పేజీ సాఫ్ట్‌వేర్ ఇది. చూడ్డానికి పేజ్‌మేకర్ అలవాటున్నవాడికి కొత్తగా ఉండదు. దీనికి స్క్రిప్టర్ అనే ప్లగిన్ ఉంది, అందులో పైథాన్ అనే ప్రోగ్రాము భాషలో రాసిన ఆదేశాలు నడుస్తాయి. 2011లో ఎకెహార్డ్ విల్ రాసిన స్క్రైబస్ జనరేటర్ అనే స్క్రిప్టు, మూసలో గుర్తుపెట్టిన చోటల్లా పట్టీలోని వివరం నింపి ఫైళ్ళూ పీడీఎఫ్‌లూ తీసిస్తుంది. కానీ అప్పటి స్క్రైబస్‌కు తెలుగు కూర్చడం రాదు. వత్తులు పక్కకు జారిపోయేవి. 2017 నాటి 1.5.3 పరీక్షా వెర్షన్‌తో కొత్త అక్షర యంత్రాంగం వచ్చింది, 2024 జనవరిలో 1.6 స్థిరమైన వెర్షన్‌గా విడుదలైంది. తెలుగు నర్సరీ పట్టీకి సంబంధించినంతవరకు ఆ ఏడాదే మొదలనుకోవచ్చు.

పని ఎలా సాగుతుందంటే, ఎక్సెల్‌లో ఒక పట్టీ. గడుల పేర్లు తెలుగు పేరు, శాస్త్రీయనామం, ఎత్తు, బ్యాగు, ధర. స్క్రైబస్‌లో ఒక చీటీ గీసి, పేరు రావలసిన చోట శాతం గుర్తుల మధ్య, ముందు VAR_ చేర్చి, ఆ గడి పేరు రాస్తారు. శాస్త్రీయనామాన్ని వాలు అక్షరాల్లో పెట్టడం వృక్షశాస్త్రంలో ఆచారం. మూసలో ఆ ఒక్కచోట వాలుగా పెడితే నందివర్ధనం కింద 'టాబర్నేమోంటానా డైవారికాటా', గన్నేరు కింద 'నీరియం ఒలియాండర్' అన్నీ వాలుగానే పడతాయి. చేత్తో కొడితే పదింట్లో మూడు మరిచిపోతాం.

తిప్పలు లేవని కాదు. పట్టీని సీఎస్‌వీగా దాచేటప్పుడు యూనికోడ్ రూపమైన యూటీఎఫ్-8 అన్నది ఎంచుకోకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. ఈ ఫైలులో గడికీ గడికీ మధ్య గోడ కామా. కాబట్టి 1,200 అని కొట్టిన ధర, కొటేషన్ గుర్తుల మధ్య లేకపోతే, రెండు గడులుగా చీలి మొక్క ధర ఒక్క రూపాయికి దిగుతుంది. ధర గడిలో కామా వాడకపోవడమే మేలు. ఇంగ్లిష్‌కు సరిపడా పెట్టిన వరసల ఎడంలో బ్రహ్మకమలం, కృష్ణతులసి వంటి పేర్ల వత్తులు కింది వరస మీద పడతాయి. ఎడం ముందే పెంచుకోవాలి.

పేరు పొడవైతే పెట్టెలోంచి పొంగుతుంది. స్క్రైబస్ ఆ పెట్టె మూల ఎర్రగా చూపిస్తుంది గానీ వెయ్యి చీటీలు ఎవరు చూస్తారు? ఇక్కడే స్క్రిప్టు విలువ తెలిసేది. అక్షరం పొంగిందా అని అడిగే ఆదేశం పైథాన్‌లో ఉంది. పొంగితే సైజు అర పాయింటు తగ్గించు, మళ్ళీ అడుగు, సరిపోయేదాకా తగ్గించు. నాలుగైదు వరసల స్క్రిప్టు. ఉట్టి మెయిల్‌మెర్జ్ ఈ పని చెయ్యలేదు. అది నింపుతుంది, చూడదు.

యాభై చీటీలకు ఇదంతా అక్కర్లేదు, చేత్తో కొట్టుకోవడమే సుఖం. శుభలేఖకూ అంతే. ఏటా మారే వెయ్యి వరసల పట్టీకి, అదే పట్టీలోంచి చీటీ, కొటేషను, బిల్లు మూడూ తీయాలనుకునేవారికి మాత్రం ఇంతకు మించిన దారి లేదు.

కడియం రైతులకూ, వాళ్ళ పట్టీలు కొట్టే డీటీపీ షాపులవాళ్ళకూ ఒక మాట. స్క్రైబస్ నేర్చుకోవడం తర్వాత చూసుకోవచ్చు. ఈ సీజను పట్టీని మాత్రం అను ఫాంటులో పేజీ మీద కొట్టించకండి. యూనికోడ్‌లో, ఎక్సెల్‌లో, గడికొక వివరంగా కొట్టించి, అచ్చు కాగితంతో పాటు ఆ ఫైలు కూడా అడిగి తీసుకోండి.