కొలిమి లోపలి మన్ను

మేళ్లచెరువు పేరు చెప్పగానే సున్నపురాయి స్ఫురిస్తుంది. నేటి సూర్యాపేట జిల్లాలోని ఈ ఊరి పరిసరాలలో సిమెంటు కర్మాగారాలు వెలసినది ఆ రాతి బలము చేతనే. అయితే పెరటిలో చిన్న కొలిమి పెట్టుకొనదలచిన వానికి ఈ నేల ఒక చిక్కు తెచ్చిపెట్టుతున్నది. కాలిక్రింద పుష్కలంగా ఉన్న రాయీ, అంగడిలో సులభంగా దొరికే సిమెంటూ, రెండూ కొలిమి లోపలి పూతకు పనికిరావు.

కారణమేమో విచారింతము. సున్నపురాయి సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద బొగ్గుపులుసు వాయువును విడిచి రాతిసున్నంగా మారుతుంది. ఇనుము పసుపువన్నెకు రావలెనన్న 1,100 డిగ్రీలకు మించిన వేడి కావలెను. కనుక ఆ రాతితో కట్టినది కొలిమిగా మొదలై సున్నపుబట్టీగా ముగుస్తుంది; ఆపైన తేమ తగిలితే పొడియై రాలిపోతుంది. గట్టిపడిన సిమెంటులోనేమో నీరు బంధింపబడి ఉంటుంది. హఠాత్తుగా వేడి సోకితే ఆవిరికి దారి లేక పెచ్చులు ఎగిరి కంటికే ముప్పు తెచ్చును. వేడికి తాళే ఇటుకలు కొనగలవారికి ఈ బాధ లేదనుకోండి.

ఆ ఇటుకలు లేని కాలంలో మనవారు ఏమి చేసినారు? ఇందుకు మంచి సాక్ష్యం ఉత్తర తెలంగాణములో ఉన్నది. నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకప్పుడు మూస ఉక్కుకు ప్రసిద్ధి. పారశీక వర్తకులు అంత దూరం నుండి వచ్చి అక్కడి ఉక్కుముద్దలు కొనేవారు. హెన్రీ వోయ్సీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పనిని చూసి వ్రాసిన వర్ణన, ఆయన మరణించిన పిమ్మట, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. ఉక్కు కరగించే మూసలకు అక్కడ వాడినవి ఏమిటి? గ్రానైటు శిథిలమై ఏర్పడిన మట్టి, పాత మూసల పెంకుల పొడి, వడ్ల ఊక!

ఊక అనగానే మనకు చులకన. కాని ఇందులోని యుక్తి చూడండి. గ్రానైటు మట్టిలో సున్నం స్వల్పం. సున్నం ఎక్కువైతే మట్టి త్వరగా కరగుతుంది. ఒకసారి కాలిన పెంకు మరల కుంచించుకొనదు గనుక పొడి కలిపిన గోడ అంతగా బీటలు వారదు. ఇక ఊకలో సిలికా విస్తారంగా ఉన్నది. గాలి సోకని చోట అది కాలి బూడిద కాక, బొగ్గు, సిలికాల సన్నని అస్థిపంజరంగా గోడలోనే నిలిచిపోతుంది. 1990 ప్రాంతంలో థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు దక్కను మూసల పెంకులను పరీక్షించి ఈ ఊక అవశేషాలను వివరించినారు.

మూస వేరు, కొలిమిగోడ వేరు. గోడకు ఊపిరుల దెబ్బ లేకున్నా పటకారు దెబ్బ, బొగ్గు రాపిడి తప్పవు. ఊక మితిమీరితే గోడ గుల్లబారి రాలుతుంది. అందుచేత వెనుక పొరకు ఊక దండిగాను, మంటకు ఎదురయ్యే పొరకు పెంకుపొడి, ఇసుక దండిగాను కలపడం మేలని మా అభిప్రాయం. నల్లరేగడి వద్దు, ఆరగానే నెఱ్ఱెలు విచ్చును. ఏ మట్టిలోనైనా సున్నపుగుండ్లు ఉంటే జల్లించి తీసివేయవలెను. కట్టెబూడిద కూడ వద్దు: ఊకబూడిదకూ దానికీ పేరు ఒకటే గాని, కట్టెబూడిదలోని క్షారం మట్టిని కరగిస్తుంది. పూత నీడలో దినాల తరబడి ఆరిన తరువాత చిన్నమంటతోనే ఆరంభించవలెను.

అన్నిటికంటె ముందు చెడేది తిత్తిగాలి లోపలికి వచ్చే గొట్టపు మూతి. వేడి తీవ్రతా, ఇనుపచిట్టెమూ రెండూ అక్కడనే గోడను తినివేస్తాయి. ఆ చోటును తరచు మెత్తుకోవలసినదే. చిట్టెం అంటని పెచ్చులు రాలితే పారవేయక, దంచి కొత్త మట్టిలో కలపండి. కోనసముద్రం పనివారు పాత పెంకులతో చేసినది అదే.