పాలపిట్ట నీలం ఎక్కడుంది?

భద్రాచలం ఏజెన్సీలో కొమ్ము కోయ నృత్యం చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది: తల మీద అడవిదున్న కొమ్ములు, వాటితో పాటు నెమలి ఈకలు. తల ఊగినప్పుడల్లా ఆ ఈకల నీలం పచ్చలోకి జారి మళ్ళీ వెనక్కొస్తుంది. ఆ నీలం ఏ రంగుపదార్థానిదీ కాదు. ఈకని మెత్తగా నూరితే మిగిలేది గోధుమరంగు పొడి.

దీన్ని తొలిరోజుల్లోనే గమనించినవాడు రాబర్ట్ హుక్. 1665 నాటి ‘మైక్రోగ్రాఫియా’లో, నెమలి ఈకని తడిపితే ఆ రంగులు పోతున్నాయని రాశాడు. మామూలు రంగైతే నీటిబొట్టుకే మాయమవదు కదా. 1704లో న్యూటన్ ‘ఆప్టిక్స్’లో దీన్ని పలుచని పొరల మీద కనిపించే రంగులతో పోల్చాడు. అంతకు మించి చూడటం వాళ్ల కటకాల వల్ల కాలేదు. వెలుతురు తరంగం కన్నా బాగా చిన్నదాన్ని వెలుతురుతో పనిచేసే మైక్రోస్కోపు విడదీసి చూపించలేదు.

తర్వాతి ఘట్టం మనకి దగ్గరది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1934లో బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ స్థాపించాడు. దాని ప్రొసీడింగ్స్ మొదటి సంపుటంలోనే పక్షి ఈకల రంగుల మీద వ్యాసం రాశాడు. అందులో పరిశీలనకి తీసుకున్న పక్షి మన పాలపిట్ట. నోబెల్ వచ్చి అప్పటికి నాలుగేళ్లే. పొలం గట్టున తీగ మీద వాలే పిట్టలో ఆయనకి భౌతికశాస్త్రం కనిపించింది.

1987లో యాబ్లొనొవిచ్, జాన్ విడివిడిగా ఒక ఊహ చేశారు: వెలుతురు తరంగమంత దూరాల్లో పదార్థాన్ని క్రమంగా పేరిస్తే, కొన్ని రంగుల్ని లోపలికి రానివ్వకుండా వెనక్కి తిప్పొచ్చు, కావలసిన దారిలో నడిపించొచ్చు. అదే ఫోటానిక్ క్రిస్టల్. 2003లో చైనాలోని ఫుడాన్ విశ్వవిద్యాలయం బృందం నెమలి ఈకలో అలాంటి అమరికే చూపించింది. మెలనిన్ కడ్డీలు జాలీలా పేర్చి ఉన్నాయి. నీలం దగ్గర వాటి మధ్య దూరం సుమారు 140 నానోమీటర్లు, పచ్చ దగ్గర 150. ఆ పది నానోమీటర్లే రంగు మార్చేస్తాయి. పాలపిట్ట ఈకలో జాలీ బదులు కెరటిన్, గాలి కలిసిన స్పాంజిలాంటి అల్లిక ఉంటుంది.

ఇది చదివి ‘మనవాళ్లకి ఇదంతా ముందే తెలుసు’ అనేవాళ్లు ఉంటారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. కోయవాళ్లకి తెలిసింది వేరు: ఏ ఈక ఏ కదలికకి ఎలా మెరుస్తుందో. దాన్ని నానోసైన్సని పిలిస్తే వాళ్లకి కొత్తగా వచ్చే గౌరవమేమీ లేదు.

తెలంగాణకి పాలపిట్ట రాష్ట్రపక్షి. దసరా నాడు దాన్ని చూడటం శుభమని, చట్టం వద్దన్నా కొందరు పట్టి పంజరాల్లో పెట్టి చూపిస్తారు. చచ్చిన పక్షి ఈకలోనూ నీలం చెక్కుచెదరదు, కాబట్టి దాని బాధ రంగులో తెలియదు. ఇంకో సంగతి: వాలి ఉన్న పాలపిట్ట చాలావరకు గోధుమరంగే. రెక్కల్లోని అసలు నీలం ఎగిరినప్పుడే పూర్తిగా విచ్చుకుంటుంది. పంజరం ముందు నిలబడి దండం పెట్టేవాళ్లు, చూడ్డానికి వచ్చినదాన్నే చూడకుండా వెళ్లిపోతున్నారు.