స్టేషన్‌లో మొదటి కాగితం: అమలాపురం, వాకపల్లి

2016 ఆగస్టు రెండో వారం. అమలాపురం జానకిపేటలో కరెంటు షాక్ తగిలి ఒక ఆవు చచ్చిపోయింది. దాన్ని తీసుకుపొమ్మని యజమానే ఇద్దరు దళిత అన్నదమ్ములను పిలిచాడు. వాళ్ళు చర్మం ఒలుస్తుండగా గోరక్షకులమంటూ ఒక గుంపు వచ్చి పడింది. ఆవును చంపారని చెట్టుకు కట్టి కొట్టింది. గుజరాత్‌లోని ఊనాలో ఇదే పని చేస్తున్న దళితులను కొట్టి అప్పటికి నెల కూడా నిండలేదు. చచ్చిన గొడ్డును ఎత్తమనేదీ ఊరే, ఎత్తినందుకు కొట్టిందీ ఊరే.

అప్పటికి అమలాపురం, రాజోలు, కొత్తపేటలతో పాటు మా రంపచోడవరం కూడా తూర్పుగోదావరి జిల్లాలోనే ఉండేది. కలెక్టరు ఒకరే. అయినా ఆ సంగతి మా కొండల్లో పెద్దగా చర్చకు రాలేదు. అది దళితుల గొడవ అనుకున్నాం. ఆ అన్నదమ్ముల తరఫున నిలబడిన చట్టం పేరులో షెడ్యూల్డ్ కులాల పక్కనే షెడ్యూల్డ్ తెగలు కూడా ఉన్నాయని మాకు తట్టనే లేదు.

అమలాపురం పోలీసులు ఆ కేసును ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదు చేశారు. ఆవు కరెంటు షాక్‌తోనే చచ్చిందని విచారణలో తేలింది. ఏ చట్టం కింద రాశారన్నది చిన్న విషయం కాదు. ఉత్త కొట్లాటగా రాసి ఉంటే రెండు పక్షాలనూ కూర్చోబెట్టి రాజీ చేయడానికి ఎవరో ఒక పెద్దమనిషి బయల్దేరేవాడు. ఈ చట్టం కింద రాస్తే దర్యాప్తు చేసే అధికారి డీఎస్పీకి తక్కువ కాకూడదు. 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. బాధితులకు ఇచ్చే సహాయంలో కొంత, తీర్పు కోసం ఆగకుండా ముందే అందాలి.

ఈ చట్టం ఊరికే రాలేదు. 1985లో కారంచేడులో దళితులను చంపారు. 1989లో చట్టం చేసి 1990 జనవరి 30 నుంచి అమలులోకి తెచ్చారు. మరుసటి ఏడాది, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మందిని నరికారు. ఆ కేసుకు ప్రత్యేక కోర్టు ఆ ఊళ్ళోనే పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. బలవంతంగా పశువుల కళేబరాలు మోయించడం, బట్టలు ఊడదీయడం, గుండు కొట్టించడం వంటివి నేరాలని విడివిడిగా రాసిన సవరణ 2016 జనవరి 26న అమలులోకి వచ్చింది. అమలాపురం ఘటనకు సుమారు ఆరున్నర నెలల ముందన్నమాట.

ఇక మన కథ వాకపల్లి. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని జి.మాడుగుల మండలానికి చెందిన 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు వెళ్ళింది పోలీసుల మీద, రాసుకోవాల్సిందీ పోలీసులే. విచారణ మొదలవడానికే పదేళ్ళు దాటింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని కోర్టే అంది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. నిందితులను గుర్తుపట్టించే పరేడ్ కూడా జరపలేదు. మొదటి రోజుల్లో చేయని పనిని 16 ఏళ్ళ తర్వాత ఏ జడ్జి చేయగలడు?

అందుకే ఆ మొదటి కాగితం గురించి ఇంతగా చెబుతున్నాం. నోటితో చెప్పినా స్టేషన్ అధికారి రాసుకోవాలి, రాసింది చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018లో చట్టంలోనే చేర్చారు. చదివి వినిపించాలన్న మాట మనకు మరీ ముఖ్యం. మన అవ్వ కువిలోనో కోయలోనో చెబుతుంది, కాగితం మీద తెలుగు పడుతుంది. మధ్యలో ఏం జారిపోయిందో ఆమెకు తెలియదు. మాస్టారూ, మీ పని అక్కడుంది. ఆమె వెంట వెళ్ళండి, చదివింది ఆమె భాషలో తిరిగి చెప్పండి. కులం పేరుతో తిడితే ఏ మాట అన్నారో ఆ మాటే రాయించండి. 'అసభ్యంగా దూషించారు' అని సర్దేస్తే కేసు పలచబడుతుంది. నలుగురి ఎదుట తిట్టారా, నాలుగు గోడల మధ్య తిట్టారా అన్నది 2020లో సుప్రీంకోర్టు కీలకం చేసింది కాబట్టి, అక్కడ ఎవరెవరున్నారో కూడా రాయించాలి.

స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపవచ్చు. రశీదు దాచుకోండి. కావాలని విధి తప్పిన ఎస్సీ ఎస్టీయేతర అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు అని నాలుగో సెక్షన్ చెబుతోంది. ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 14566 కు ఫోను చేసినా ఫిర్యాదు తీసుకుంటారు.

గోదావరి డెల్టాలోనూ మనవాళ్ళు, యానాదులు, ఎరుకలవాళ్ళు ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది. దానికి అంబేద్కర్ పేరు పెడతామనగానే మే 24న అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్ళు తగలబెట్టారు. పేరు మాత్రం ఆగలేదు. ఇవాళ అక్కడ ఎస్పీకి ఫిర్యాదు రాసేవాళ్ళు, ఎవరి మీద రాసినా సరే, పైన 'డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా' అనే మొదలుపెట్టాలి.