రేడియో, టీవీ చరిత్ర ఏ పుస్తకాల్లో చదవాలి? మన ఇళ్లలో రెండు లిపుల్లో ఉన్న కథ

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు చాలా ముస్లిం ఇళ్లలో ఒక సంగతి గమనించవచ్చు. దాదీకి, నానాకి ఉర్దూ చదవడం వచ్చు. పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గానీ చదివేది తెలుగు, ఇంగ్లీషు. ఉర్దూ అక్షరాలు చాలామందికి రావు. రేడియో చరిత్ర తెలుసుకోవాలంటే ఇదే పెద్ద అడ్డు. ఈ దేశంలో రేడియో నడిపినవాళ్లలో, రాసినవాళ్లలో చాలామంది తమ జ్ఞాపకాలను ఉర్దూలో పెట్టారు. మన తెలుగు రేడియో కథేమో తెలుగులో ఉంది. ఏ ఒక్క లిపి వచ్చినా సగం కథే తెలుస్తుంది. జర్నలిజం, డిప్లొమా చదివే పిల్లలకు, రేడియో అంటే ప్రాణం పెట్టే పెద్దలకు పనికొచ్చే పుస్తకాలను ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

ముందు కాస్త చరిత్ర

1924లో మద్రాసులో కొందరు ఔత్సాహికులు కలిసి రేడియో క్లబ్ పెట్టి ప్రసారాలు మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో మహబూబ్ అలీ అనే ఆయన 1933లో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్‌తో సొంతంగా రేడియో నడిపారు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అదే దక్కన్ రేడియో. ఎక్కువగా ఉర్దూలో నడిచినా తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలు కూడా ఉండేవి. ఢిల్లీలో 1936 జూన్ 8న ఆలిండియా రేడియో అనే పేరు వచ్చింది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలయ్యాయి. దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది.

నంద్యాల, ఆళ్లగడ్డ అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని కర్నూలు జిల్లాలో ఉండేవి. అంటే సర్కారు లెక్కలో మనది మద్రాసు రేడియో. మాటలో, బంధుత్వాల్లో మాత్రం చాలా ఇళ్లకు హైదరాబాద్ దగ్గర. అందుకే ఈ రెండు కథలూ మనవే.

దక్కన్ రేడియో రోజుల్లో వైర్‌లెస్‌ను ఉర్దూలో 'లాసిల్కీ' అనేవారు. 'లా' అంటే లేదు, 'సిల్క్' అంటే తీగ. తెలుగులో 'నిస్తంత్రి' అన్నారు. దానర్థం కూడా తంత్రి, అంటే తీగ, లేనిదనే. రెండు భాషలవాళ్లూ ఒకే ఆలోచనతో పేరు పెట్టారు.

ఉర్దూలో చదవాల్సినవి

మొదట చెప్పాల్సింది జుల్ఫికార్ అలీ బుఖారీ ఆత్మకథ 'సర్‌గుజష్త్'. ఆయన, ఆయన అన్న అహ్మద్ షా బుఖారీ ఇద్దరూ ఆలిండియా రేడియోలో పెద్ద పదవుల్లో పనిచేశారు. అన్నగారే హాస్య రచయిత 'పత్రస్' బుఖారీ. అన్నదమ్ములిద్దరూ రేడియోలో ఉండేసరికి అప్పట్లో జనం దాన్ని 'బుఖారీ బ్రదర్స్ కార్పొరేషన్' అని ఆటపట్టించేవారు. మైక్ ముందు ఎలా మాట్లాడాలి, మాటను ఎలా పలకాలి అన్న పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ పుస్తకం చదివితే తెలుస్తుంది.

రెండోది సాదత్ హసన్ మంటో రేడియో నాటకాలు. 1941, 42లో మంటో ఢిల్లీ రేడియోలో పనిచేస్తూ వందకు పైగా రాశాడు. 'ఆవో' అనే సంపుటంలో చిన్నచిన్న సరదా నాటికలున్నాయి. ఇంట్లో దాదీ చదివి వినిపిస్తే పిల్లలకు ఇట్టే అర్థమయ్యే భాష.

టీవీకి వస్తే, హైదరాబాద్ రచయిత్రి రఫియా మంజూరుల్ అమీన్ నవల 'ఆలంపనా' ఉంది. 1990ల్లో దూరదర్శన్‌లో వచ్చిన 'ఫర్మాన్' సీరియల్‌కు ఇదే ఆధారం. సీరియల్ చూసినవాళ్లు నవల కూడా చదివితే, పుస్తకం తెర మీదికి వచ్చేటప్పుడు ఏం మారుతుందో పోల్చుకోవచ్చు.

తెలుగులో చదవాల్సినవి

శారదా శ్రీనివాసన్ రాసిన 'నా రేడియో అనుభవాలు జ్ఞాపకాలు' తప్పక చదవాలి. హైదరాబాద్ కేంద్రంలో ఏళ్ల తరబడి నాటకాల్లో గొంతు వినిపించిన కళాకారిణి ఆమె. స్టూడియో లోపల నాటకం ఎలా తయారయ్యేదో అందులో ఉంది. బాలాంత్రపు రజనీకాంతరావు 'రజనీ ఆత్మకథా విభావరి'లో మద్రాసు, విజయవాడ కేంద్రాల సంగీత చరిత్ర దొరుకుతుంది. ఆకాశవాణిలో పనిచేసిన ఆర్. అనంతపద్మనాభరావు 'ప్రసార ప్రముఖులు' ఆ రంగంలోని పెద్దలను పరిచయం చేస్తుంది.

ఇంగ్లీషులో

పోటీ పరీక్షలకు, జర్నలిజం కోర్సుకు పనికొచ్చేవి ఇవి. హెచ్.ఆర్. లూత్రా 'ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్' (1986) సర్కారు ప్రచురణ. తేదీలు, కేంద్రాల వివరాలు వరుసగా కావాలంటే ఇది తీసుకోండి. మెహ్రా మసానీ 'బ్రాడ్‌కాస్టింగ్ అండ్ ది పీపుల్' (1976), పి.సి. ఛటర్జీ 'బ్రాడ్‌కాస్టింగ్ ఇన్ ఇండియా' (1987) రెండూ రేడియోలో పెద్ద హోదాల్లో పనిచేసినవాళ్లు రాసినవి. రేడియో ఎవరి చెప్పుచేతల్లో ఉండాలన్న ప్రశ్నను లోపలివాళ్లే అడగడం వాటి విలువ.

ఇజబెల్ హుయాకుహా అలోన్సో రాసిన 'రేడియో ఫర్ ది మిలియన్స్' (2023) మన పాఠకులకు ప్రత్యేకం. హిందీ, ఉర్దూ ప్రసారాలు సరిహద్దులు దాటి ఎలా వినిపించాయో చెప్పే పుస్తకమిది. రేడియో సిలోన్, ఆలిండియా రేడియో ఉర్దూ సర్వీస్ రెండూ ఇందులో ఉన్నాయి. సిలోన్‌లో అమీన్ సయానీ గీత్‌మాలా కోసం ఎదురుచూసిన ఇళ్లలోనే మీనాక్షి పొన్నుదురై తెలుగు కార్యక్రమం కూడా విన్నారు. ఆ రెండో సగం ఈ పుస్తకంలో లేదు, దాన్ని మన తెలుగువాళ్లే రాయాలి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన వినోద్ పావరాల, కాంచన్ మాలిక్ కలిసి రాసిన 'అదర్ వాయిసెస్' (2007) సామాజిక రేడియో గురించి. జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008లో మొదలైంది. అనుమతి తీసుకుంటే కాలేజీలు, స్వచ్ఛంద సంస్థలు కూడా ఇలాంటి కేంద్రం పెట్టుకోవచ్చు.

హైదరాబాద్ కంటే ముందే మన జిల్లాలో టీవీ

ఇది చాలామందికి తెలియదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు 'సైట్' అనే ఉపగ్రహ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా టీవీ చూపించారు. ఎంచుకున్న జిల్లాల్లో అప్పటి కర్నూలు జిల్లా ఒకటి. కోళ్ల గూటికి వాడేలాంటి వల అల్లిన పది అడుగుల గొడుగు యాంటెన్నా, దాని కింద సర్కారు టీవీ పెట్టె. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబర్ 23న. అంటే రాజధాని కంటే ముందు మన జిల్లా పల్లెలు టీవీ చూశాయి. ఉపగ్రహాల ద్వారా ప్రసారాలు చేయవచ్చని 1945లోనే రాసిన ఆర్థర్ సి. క్లార్క్‌కు కొలంబోలోని ఆయన ఇంటి దగ్గర ఇస్రో అలాంటి యాంటెన్నాయే పెట్టించింది.

సాంకేతిక పుస్తకాలు

పాలిటెక్నిక్ పిల్లలకు ఆర్.ఆర్. గులాటి 'మోనోక్రోమ్ అండ్ కలర్ టెలివిజన్' పాతదైనా ఇప్పటికీ మంచి గురువు. 625 గీతల బొమ్మ ఎలా ఏర్పడుతుందో, రంగు ఎలా చేరుతుందో విడమరిచి చెబుతుంది. కమ్యూనికేషన్ మూల సూత్రాలకు జార్జ్ కెన్నడీ 'ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్ సిస్టమ్స్' చూడండి.

ఈ పుస్తకాలు చదివితే పెద్దల మాటలకు కారణం దొరుకుతుంది. కడప కేంద్రం (1963) 900 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీద వస్తుంది. అల పొడవు సుమారు 333 మీటర్లు. ఇంత పొడవైన అల నేలను పట్టుకుని సాగుతుంది కాబట్టి కొండలు దాన్ని పెద్దగా ఆపలేవు. ఎఫ్‌ఎం అల మూడు మీటర్లే, అది దాదాపు చూపు సాగినంత దూరమే పోతుంది. ఒక పక్క నల్లమల, ఇంకో పక్క ఎర్రమల ఉన్న మనకు ఆ తేడా బాగా తెలుస్తుంది. రాత్రిపూట దూరపు స్టేషన్లు పలకడానికీ కారణం ఉంది. పగలు మీడియం వేవ్‌ను పీల్చేసే గాలి పొర ఒకటి పైన ఉంటుంది. పొద్దు గూకాక అది మాయమై, అల ఇంకా పై పొరకు తగిలి దూరాన దిగుతుంది.

ఎలా సంపాదించాలి, ఎలా చదవాలి

ముందు మీ ఊరి శాఖా గ్రంథాలయంలో అడగండి. ఉర్దూ పుస్తకాలకు రేఖ్తా వెబ్‌సైట్, పాత తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ వెతకండి. ఉర్దూ పుస్తకాన్ని దాదీతో రోజూ రెండు పేజీలు చదివించుకుని ఫోన్‌లో రికార్డు చేయండి. తెలుగు పుస్తకం మీరు ఆమెకు చదివి వినిపించండి. ఇలా చేస్తే రెండు సగాలూ ఒకే ఇంట్లో కలుస్తాయి.

ఒక పుస్తకం మాత్రం ఎక్కడ వెతికినా దొరకదు: నంద్యాల, ఆళ్లగడ్డ రేడియో ఎలా విన్నాయన్నది. దానికి కావాల్సిన సరుకు మన పెద్దల దగ్గరే ఉంది. ఈ ప్రశ్నలు అడగండి. ఇంట్లో మొదటి రేడియో ఎప్పుడు వచ్చింది, లైసెన్సు పుస్తకం ఇంకా ఉందా? పంచాయతీ రేడియో ఎక్కడ పెట్టేవారు? ఆడవాళ్లు ఏ పూట, ఏ కార్యక్రమం వినేవారు? రంజాన్‌లో రేడియో ఎలా పనికొచ్చింది? సైట్ గొడుగు ఏ బడి దగ్గర చూశారు? బజారులో రేడియోలు బాగుచేసింది ఎవరు? జవాబులతో పాటు తేదీ, ఊరు, చెప్పినవాళ్ల వయసు రాసుకోండి. 1960ల్లో పెద్దవాళ్లుగా రేడియో విన్నవారు ఇప్పుడు ఎనభై దాటారు. ఈ పనికి వచ్చే సెలవుల దాకా ఆగొద్దు.