చిన్న బేరింగ్, వంద అనుమానాలు: పోర్షె ఇంజన్ల కథ



ఈసారి రైలు కథ కాదు, కారు కథ. అయినా రైల్వే ఇళ్లవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. ఒక యంత్రం ఎందుకు చెడుతున్నదో తయారుచేసినవాళ్లు విప్పి చెప్పకపోతే, కొన్నవాళ్లు ఏమేమి ఊహిస్తారు, ఆ ఊహల్లో ఏది నిలుస్తుంది, మధ్యలో ఎవరి డబ్బు పోతుంది, ఇదీ విషయం.

జర్మనీలో స్టుట్‌గార్ట్ ఊరి పోర్షె కంపెనీ 1963లో 911 అనే స్పోర్ట్స్ కారును లోకానికి చూపించింది. వెనకవైపు ఆరు సిలిండర్ల ఇంజన్. చల్లబరచడానికి నీళ్లు లేవు, గాలి, ఆయిలే. ముప్పై ఏళ్లకు పైగా అదే పద్ధతి నడిచింది. 1986లో ఏడాదికి 50 వేలకు పైగా బండ్లు అమ్మిన కంపెనీ, 1993కు వచ్చేసరికి సుమారు 14 వేలకు పడిపోయింది. మూతపడుతుందా, ఇంకొకరి చేతికి పోతుందా అన్న స్థితి. అప్పుడు పగ్గాలు పట్టిన వెండెలిన్ వీడెకింగ్ జపాన్ నుంచి సలహాదారులను పిలిపించి, ఖర్చు తగ్గించి, కొత్త బండ్లకు దారి వేశాడు. 1996లో బాక్స్‌స్టర్, 1997లో కొత్త 911 వచ్చాయి. రెండింటికీ నీళ్లతో చల్లబడే ఒకే కుటుంబం ఇంజన్. దాని పేరు ఎం96. ఆ బండ్లే కంపెనీని బతికించాయి. దీన్ని మరచిపోయి మిగతా కథ చెప్తే న్యాయం కాదు.

ఆ ఇంజన్ లోపల క్రాంక్‌షాఫ్ట్ కింద ఇంకొక ఇరుసు తిరుగుతుంది. దాన్ని ఇంటర్మీడియట్ షాఫ్ట్ అంటారు. క్రాంక్ తిరుగుడును చెయిన్ల ద్వారా వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్‌లకు అందించడం దాని పని. దాని ఒక కొనను మోసేది ఒక బాల్ బేరింగ్. లోపల గ్రీజు పెట్టి, రెండు పక్కలా సీల్ వేసి మూసిన బేరింగ్ అది. చేతిలో పట్టేంత వస్తువు. అది అరిగి ఊగిందంటే చెయిన్ లెక్క తప్పుతుంది, వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి, ఇనుప పొడి ఆయిల్‌తో ఇంజన్ అంతా పాకుతుంది. చాలాసార్లు ముందస్తు హెచ్చరికే ఉండదు. ఇంజన్ మొత్తం మార్చాల్సిందే.

రైల్వేలో హాట్ యాక్సిల్ అంటామే, అదీ బేరింగ్ జబ్బే. కానీ అక్కడ బండి స్టేషన్ దాటేటప్పుడు నిలబడి చూసేవాడు ఉంటాడు. పొగ కనిపిస్తుంది, కాలిన వాసన వస్తుంది. ఈ బేరింగ్ ఇంజన్ కడుపులో ఉంది. చూసేవాడు లేడు.

ఒక్కొక్క బండీ ఆగిపోతూ ఉంటే యజమానులు తలా ఒక మాట అన్నారు. ఆయిల్ మార్చే గడువు మరీ పొడవని కొందరు. బండిని వాడకుండా షెడ్డులో పెట్టినవాళ్లకే ఇట్లా అవుతుందని కొందరు. మెల్లగా తోలడమే తప్పు, గట్టిగా తోలితేనే మంచిదని ఇంకొందరు. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసేచోట ఆయిల్ చుక్క కనబడితే చాలు, బేరింగ్ పోతున్నదని భయం. నిజానికి ఆ చోటే క్రాంక్‌షాఫ్ట్ వెనక సీల్ కూడా ఉంది. అది కారినా చుక్క అక్కడే పడుతుంది. ఇక సిలిండర్ గోడ గీసుకుపోవడం అనేది పూర్తిగా వేరే జబ్బు. దాన్నీ తెచ్చి ఈ బేరింగ్ ఖాతాలోనే వేసినవాళ్లు ఉన్నారు.

ఇన్ని ఊహలు ఎందుకు పుట్టాయి? వారంటీలో ఉన్న బండి చెడితే ఇంజన్ మొత్తం మార్చి ఇచ్చేవాళ్లు. పాతది కంపెనీకి వెనక్కి పోయేది. చెడిన భాగాన్ని యజమాని కంటితో చూసే అవకాశమే తక్కువ. సాక్ష్యం ఒక చోట, నష్టపోయినవాడు ఇంకొక చోట.

వారంటీ ముగిసిన బండ్లు బయటి మెకానిక్కుల దగ్గరకు వచ్చాకనే తెర తొలిగింది. వాళ్లు విప్పి చూస్తే బేరింగ్ సీల్ గట్టిపడి, ఇంజన్ ఆయిల్ లోపలికి దూరి, గ్రీజును కడిగేసి ఉంది. దూరిన పాత ఆయిల్ లోపలే నిలిచింది. గ్రీజూ లేదు, కొత్త ఆయిలూ రాదు. ఇంకొక తేడా కూడా తేలింది. మొదటి ఏళ్లలో బేరింగ్‌లో గుండ్లు రెండు వరుసలు. 2000 ప్రాంతం నుంచి ఒకటే వరుస. ఎక్కువగా పోయింది ఈ ఒక వరుసదే. అన్నిటికంటే పెద్ద సాక్ష్యం కంపెనీ ఇంట్లోనే ఉంది. అదే కాలపు 911 టర్బో, జీటీ3 బండ్లలో హాన్స్ మెట్స్‌గర్ వంశపు పాత ఇంజన్. దానిలోనూ ఆ ఇరుసు ఉంది, కానీ ఒత్తిడితో వచ్చే ఆయిల్ మీద తేలే సాదా బేరింగ్ మీద తిరుగుతుంది. వాటికి ఈ జబ్బు లేదు.

అమెరికాలో విషయం కోర్టుకు ఎక్కింది. 2013లో రాజీ కుదిరింది. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి దాకా తయారైన బండ్లకే అది వర్తించింది. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు. కొత్త బండి కొన్న మొదటి యజమానికి మరమ్మతు ఖర్చు పూర్తిగా వచ్చే వీలుంది. మామూలుగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడికి నాలుగో వంతే. నా మనసు నిలిచేది ఇక్కడే. స్పోర్ట్స్ కారు అంటే కోటీశ్వరుడి బొమ్మ అనుకుంటాం. కానీ పదేళ్ల పాత బాక్స్‌స్టర్ కొన్నది చాలాసార్లు జీతం మీద బతికే మనిషి. కొత్త ఇంజన్ ధర అతని బండి ధరను మించిపోయేది. ఊహల భారం మోసింది అతనే. బండి బాగా ఉన్నా భయంతో తక్కువకు అమ్ముకున్నదీ అతనే.

భయానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. మార్చుకునే బేరింగ్‌లు, పింగాణీ గుండ్ల బేరింగ్‌లు, లోపలికి ఆయిల్ పైపు వేసే ఏర్పాట్లు బజారుకు వచ్చాయి. వాటిలో మంచి పని ఉంది, దాని పక్కనే మంచి వ్యాపారమూ ఉంది. ఒక వరుస బేరింగ్ నూటికి ఎనిమిది పోతాయని, రెండు వరుసలది ఒకటి లోపేనని దావా తర్వాత ఒక లెక్క నోటినోటికీ తిరిగింది. ఆ లెక్కనే తీసుకున్నా నూటికి తొంభై రెండు నిలిచినట్టే కదా? నిలిచినవాడు నోరు తెరవడు. ఆగిపోయినవాడే అరుస్తాడు. అరుపులను మాత్రం లెక్కపెడితే అన్ని బండ్లూ ఆగిపోయినట్టే ఉంటుంది.

మన దేశంలో పెద్ద రైలు ప్రమాదం జరిగితే విచారించే రైల్వే సేఫ్టీ కమిషనర్ రైల్వే శాఖ కింద ఉండడు, పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు. విచారించేవాడు విచారణకు గురయ్యేవాడి జీతగాడు కాకూడదని ఆ ఏర్పాటు. పోర్షె యజమానులకు అట్లాంటి మనిషి లేడు. అందుకే ఆ పని మెకానిక్కులు, వకీళ్లు, ఊహించేవాళ్లు తలా కొంత పంచుకున్నారు.

2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజన్లో ఆ ఇరుసునే తీసేశారు. ఏ ప్రకటన కంటే ఆ డ్రాయింగే ఎక్కువ చెప్పింది. ఊహించినవాళ్లు అందరూ సరి కాదు, అందరూ తప్పూ కాదు. బల్ల మీద విప్పి పెట్టిన బేరింగ్ ముందు నిలిచిన మాటే నిలిచింది.

మన సంఘంలో లోకో షెడ్డులో, వర్క్‌షాపులో, బస్సు డిపోలో పనిచేసినవాళ్లు ఉన్నారు. బేరింగ్ పోతే మీరు ముందుగా దేన్ని చూసేవాళ్లు, దేన్ని నమ్మేవాళ్లు కాదు? కింద రాయండి. తెలుగు అక్షరాలు కష్టమైతే తమిళంలో రాసినా సరే, చదువుతాను.